తొట్టి జీపు

నాకొక పాత బండి కావలెను. పాతదనగా నిన్నమొన్నటిది కాదు, ఏబది యేండ్లు దాటినది. షికారు పోవు కారు కాదు. వెనుక తొట్టి కలిగి బస్తాలు మోయునది. దానిని కడిగి, తుడిచి, పూలదండ వేసి చావడిలో నిలుపుటకు కాదు, ప్రతిదినము నడుపుటకు. ఈ మాట చెప్పినప్పుడు వినువారి ముఖములలో మూడు విధములైన భావములను చూచుచున్నాను. చిన్నవారు నవ్వుదురు. నా యీడువారు జాలిపడుదురు. యంత్రముల పని తెలిసినవారు మాత్రము ఒక్క నిమిషము మాటాడక యుండి, “ఏ ఇంజను?” అని అడుగుదురు. ఈ మూడవ తెగవారికి నేను చెప్పవలసినది లేదు. నవ్వువారి కొరకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నేను రాజాములో చాలకాలము ఉపాధ్యాయుడుగా నుండి విశ్రాంతి పొందినవాడను. ఊరికి ఏడు కిలోమీటర్ల దూరమున మాకు కొంత భూమి కలదు. పల్లములో వరి, మెట్టలో కూరగాయలు, ఒక మూల గోగు పండును. రాజాము చుట్టుపట్ల గోగు కోసి, నీటిలో నానవేసి, నార తీసి మిల్లులకు అమ్ముట పూర్వమునుండి వచ్చుచున్న వ్యవసాయము. ఆ నార మిల్లులే ఈ యూరికి పట్టణపు రూపు తెచ్చినవని చెప్పవచ్చును. నేడు గోగు సాగు చాల తగ్గినది. మా తండ్రిగారి నాటి అలవాటు చొప్పున నేను అర ఎకరము మాత్రము విడువక వేయుచున్నాను. ఉదయమున వంకాయల గంపలు ఊరికి రావలెను. సాయంకాలము ఎరువో, దాణాయో, పనిముట్లో పొలమునకు పోవలెను. ఇంతవరకు ఈ పని కిరాయి ఆటోలతో జరుగుచున్నది.

“చిన్న ట్రక్కు క్రొత్తది కొనరాదా?” అని మా బావగారు సలహా చెప్పిరి. ఆ సలహా మంచిదే. 2005లో టాటావారు ఏస్ అను చిన్న ట్రక్కును విడుదల చేసిన పిదప సంతల రూపమే మారినది. నలుగురు మోయు సరుకును ఒక్క కుర్రవాడు ఇరుకు వీధులలోనికి సునాయాసముగా కొనిపోవుచున్నాడు. క్రొత్తది కొనుట బుద్ధిమంతుల పని, నేను కాదనను. కాని నా మనసు పాతదాని మీదనే నిలిచినది. దానికి కారణము మా తండ్రిగారు.

1959 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశమున పంచాయతి సమితులు ఏర్పడినవి. సమితికొక ఆఫీసు, ఆ ఆఫీసులో బ్లాకు అభివృద్ధి అధికారి, ఆయన తిరుగుటకొక జీపు. 1986లో మండలములు వచ్చి సమితులు పోయినవి గాని, మా వైపు ముసలివారు నేటికిని పాత జీపు కనబడిన “సమితి జీపు” అనియే అందురు. అట్టి జీపొకటి మా తండ్రిగారు ఇరువది రెండేండ్లు నడిపిరి. దాని వెనుక చిన్న ట్రైలరు తగిలించి విత్తనపు బస్తాలను, టీకామందు పెట్టెలను, ఎన్నికల దినములలో బ్యాలెట్ పెట్టెలను వంతెనలు లేని గెడ్డలు దాటించి పల్లెలకు చేర్చిరి. రాత్రి ఇంటికి వచ్చినప్పుడు ఆయన చేతులు పెట్రోలు వాసన వేయుచుండెడివి. ఆయన పదవి విరమించిన కొలది కాలమునకు ఆ జీపును వేలము వేసిరి. పాడినవాడు దానిని ముక్కలుగా కోయించి ఇనుము తూకమునకు అమ్మెను. ఆ సంగతి విని మా తండ్రిగారు ఏమియు ననలేదు. ఆ రాత్రి భోజనము మాత్రము చేయలేదు.

జీపు పుట్టుక యుద్ధములో జరిగినది. 1940లో అమెరికా సైన్యము ఒక చిన్న బండి కావలెనని తయారీదారులను కోరెను. అది తేలికగా నుండవలెను. నాలుగు చక్రములకును ఇంజను బలము అందవలెను. బురదలో దిగబడినను తనంత తాను బయటికి రావలెను. విల్లీస్, ఫోర్డు సంస్థలు రెండును కలిసి యుద్ధము ముగియులోపల ఆరు లక్షలకు పైగా జీపులు చేసినవి. యుద్ధము ముగిసిన పిమ్మట ఆ బండి సైనికుని విడిచి రైతును చేరెను. మన దేశమున 1945లో ఉక్కు వర్తకమునకై ఏర్పడిన ఒక సంస్థ, 1947లో విల్లీస్ జీపుల భాగములను తెప్పించి బొంబాయిలోని మజగాములో కూర్చుట మొదలిడెను. 1948లో ఆ సంస్థయే మహీంద్ర అండ్ మహీంద్ర యను పేరు దాల్చినది. తరువాత భాగములు కూడ క్రమముగా ఇచటనే తయారైనవి. పోలీసులు, అటవీశాఖవారు, ఇంజనీర్లు, వైద్యులు, సమితి అధికారులు — దారి లేని చోటికి పోవలసినవారెల్లరును జీపు నెక్కిరి.

ఆ జీపు వంశములో నేను వెదకుచున్నది ఒక ప్రత్యేకమైన శాఖ. 1956 చివర అమెరికాలో విల్లీస్ వారు మూతి లేని జీపు నొకదానిని వెలువరించిరి. దాని రూపమును బ్రూక్స్ స్టీవెన్స్ అను ప్రసిద్ధ శిల్పి గీసెను. మామూలు జీపులో ఇంజను ముందునకు చాచియుండును, డ్రైవరు దాని వెనుక కూర్చుండును. ఇందులో డ్రైవరు ఇంజను ప్రక్కకే జరిగి, దాదాపు ముందు చక్రముల మీద కూర్చుండును. అందువలన వెనుక తొట్టికి కావలసినంత చోటు మిగిలినది. ముందు చక్రములకును వెనుక చక్రములకును నడిమి దూరము 81 అంగుళములు మాత్రమే. బండి మొత్తము పొడవు పండ్రెండడుగుల పైచిల్లర. అందులో తొట్టియే ఆరడుగులు! 1960ల దశకమున మహీంద్రవారు దీనిని మన దేశములో తయారుచేయసాగిరి. కాగితములలో దాని పేరు ఎఫ్‌.సి. 150. మా ప్రాంతమున నే నెరిగినంతవరకు దానిని ఆ పేరుతో పిలిచినవారు లేరు. తొట్టి జీపు అనిరి.

దీనికి దోషములు లేకపోలేదు. ఇంజను రెండు సీట్ల నడుమ ఒక పెట్టెలో నుండుటచే వైశాఖ మాసమున డ్రైవరు ఎడమకాలు ఉడికిపోవును. బరువంతయు ముందే యుండుటచే, తొట్టి ఖాళీగా నున్నప్పుడు గట్టిగా బ్రేకు వేసిన వెనుక చక్రములు తేలిపోవును. మా తండ్రిగారు ఈ బండిని గూర్చి, “బస్తాలుంటే బుద్ధిమంతురాలు, లేకుంటే దుడుకుది” అనెడివారు.

వెదకుటకు ముందు ఎక్కడ వెదకవలెనో తెలియవలెను. ఇచట మా మేస్త్రిని గూర్చి చెప్పవలసియున్నది. ఆయనకు డెబ్బది రెండేండ్లు. తొమ్మిదవ యేట సాలూరులో ఒక లారీ షెడ్డున స్పానర్లు అందించు కుర్రవాడుగా చేరి, ముప్పదవ యేట రాజాము వచ్చి సొంత షెడ్డు పెట్టెను. ఇంజను మ్రోత విని జబ్బు చెప్పును. ఇప్పటి బండ్లకు కంప్యూటరు తగిలించి జబ్బు తెలిసికొందురు గదా. ఆయనకు ఆ పరికరముతో తగవు లేదు గాని, తన చెవికిని దానికిని పందెము పెట్టుటకు సిద్ధముగా నుండును. ఆయన కుమారుడు సెల్‌ఫోనుల దుకాణము నడుపుచున్నాడు. షెడ్డున శిష్యులు లేరు. కుడిచేయి కొద్దిగా వణకుచున్నది. నేను నా యాలోచన చెప్పి, వచ్చే యేటికి చూతమా యని అడిగితిని.

“బండైతే ఇంకో పదేళ్లయినా ఆగుతాది మాస్టారూ, నానాగుతానేటి?” అని ఆయన నవ్వెను. నేను నవ్వలేకపోతిని. ఆ దినముననే వెదకుట ప్రారంభించితిమి.

మేస్త్రి చెప్పిన పాఠము మొదట ఇది: పాత బండి వయస్సు కాగితములో తెలియును, ఆరోగ్యము అది తిరిగిన నేలను బట్టి తెలియును. నౌపడ ఉప్పుమళ్ల వైపు పని చేసిన బండిని ఉప్పుగాలి తినివేసి యుండును. పైన రంగు నిగనిగలాడును, లోన చాసీ జల్లెడ యగును. సీతంపేట, పార్వతీపురము ఏజెన్సీలో కొండలెక్కిన బండికి తుప్పు తక్కువ. కాని గేర్లు, క్లచ్చి, కమాను పట్టీలు అరిగిపోయి యుండును. అరిగినదానిని మార్చవచ్చును, కుళ్లినదానిని మార్చజాలము. కావున కొండల బండియే మేలు.

పూర్వము పాత జీపు కావలసినవారు ప్రభుత్వ కార్యాలయముల వేలములకు పోయెడివారు. ఆ ద్వారము ఇప్పుడు మూసికొన్నది. ప్రభుత్వపు బండ్లలో పదునైదేండ్లు దాటినవాటికి 2023 ఏప్రిల్ 1 నుండి రిజిస్ట్రేషను పునరుద్ధరింపరాదని నిబంధన వచ్చినది. అవి నేరుగా తుక్కు చేయు కేంద్రములకు పోవలెను. పొగ త్రాగినట్లు పొగ విడుచు బండ్లను రోడ్డు మీదినుండి తీసివేయుట అవసరమే. అయినను ఆ వరుసలో ఎన్ని మంచి చాసీలు కరగిపోవుచున్నవో యని మేస్త్రి నిట్టూర్చును.

మిగిలినది సాలూరు. రాయపూరు నుండి విజయనగరము వచ్చు దారి కనుమలు దిగు చోట నున్న ఆ యూరు లారీలకు ప్రసిద్ధి; విజయవాడ తరువాత దాని పేరే చెప్పుదురు. రాజాము నుండి సాలూరుకు బొబ్బిలి మీదుగా పోవలెను. ఆ బాటలో పోవునప్పుడెల్ల నాకొక సంగతి జ్ఞాపకము వచ్చును. 1757 జనవరి 24న బొబ్బిలి కోటను ముట్టడించినప్పుడు తాండ్ర పాపారాయుడు రాజాములోనే యుండెను. కబురు సకాలమున అందక, ఆయన చేరునప్పటికే కోట పడిపోయినది. నేడు బస్సులో ఇంచుమించు ఒక గంట పట్టు దూరమది! వేళకు చేరని వాహనమును గూర్చి రాజామువారికి వేరుగ చెప్పనక్కరలేదు.

సాలూరులో బండి దొరకలేదు. కాని ఒక పాత సామానుల దుకాణములో, నూనె మడ్డి పట్టిన గోనె క్రింద, ఈ ఇంజనుకు సరిపడు పిస్టన్లు నాలుగు కాగితము విప్పకుండ దొరకినవి. బండి లేనిదే పిస్టన్లు కొనుట పెండ్లి కాకముందే తొట్టె కొనుట వంటిదని నేనంటిని. మేస్త్రి వినక కొనిపించెను. ఆ దుకాణము నొద్ద టీ త్రాగుచున్న ఒక లారీ డ్రైవరు మా మాటలు విని, పాలకొండ దాటిన తరువాత ఒక పల్లెలో మూతబడిన రైసుమిల్లు నొద్ద మూతి లేని జీపును చూచితినని చెప్పెను.

మరునాడే పోయితిమి. మిల్లు వెనుక రేకుల పంచ క్రింద అది నిజముగనే యున్నది. నాలుగు టైర్లును నేలకు అంటుకొనిపోయినవి. ఒకనాటి ఆకుపచ్చ రంగు బూడిద వన్నెకు దిగినది. తలుపు మీద ఎవరో కుంచెతో తెల్లగా వ్రాసిన మిల్లు పేరులో సగము అక్షరములు మిగిలినవి. తొట్టిలో ఎండుగడ్డి పరచియుండగా, అందొక కోడి గ్రుడ్లపై కూర్చుండి మావైపు కోపముగా చూచెను. అది పొదుగ మొదలిడి రెండు దినములే యైనదట.

మేస్త్రి రంగు వైపు చూడలేదు, ఇంజను వైపును చూడలేదు. నేలపై గోనెపట్టా పరచి బండి క్రిందకు దూరెను. చాసీ యనగా బండికి వెన్నెముక. ముందునుండి వెనుకకు సాగు రెండు ఇనుప దూలములు. చిన్న సుత్తితో వానిని జానెడు జానెడుకు కొట్టుచు పోయెను. మంచి యినుము గంటవలె పలుకును. కుళ్లిన యినుము మట్టిగోడవలె చప్పగా మ్రోయును. వెనుక చివర ఒక్క చోట తప్ప అంతటను గంటయే మ్రోగినది. ఆ ఒక్క చోట కూడ అరచేయంత మేరయే. దానికి రేకు కాదు, అదే మందము గల ఇనుప పలక వేసి వెల్డింగు చేయవచ్చునట. పిదప ముందు చక్రమును జాకీతో ఎత్తి రెండు చేతులతో ఊపెను. అది వదులుగా ఊగినది. కింగు పిన్నులు అరిగినవి, క్రొత్తవి లేతు మీద చేయించవలెను. స్టీరింగు త్రిప్పిన, చక్రము కదలుటకు ముందు చేతిలో బెత్తెడు మేర వృథాగా పోవుచున్నది. కడపట ఇంజను మూత తెరచి, దిమ్మ మీద ముద్రించిన నంబరును గుడ్డతో తుడిచి నాచేత చదివించెను. ఆయన కంటికి అది ఆనలేదు. మిల్లువారి ఆర్‌.సి. పుస్తకములోని నంబరుతో అది సరిపోయినది. చాసీ నంబరును సరిపోయినది. మొదటి రిజిస్ట్రేషను 1972.

బండి ఇప్పుడొక ముదుసలి మామ్మగారిది. ఆమె భర్త దానిని క్రొత్తగా కొని, మిల్లు నడిచినన్నాళ్లు నడిపి, కాలము చేసెను. ఆమె మాకు మజ్జిగ యిచ్చి, వెల మాట యెత్తకుండనే ఒక ప్రశ్న వేసినది.

“నడుపుతావా బాబూ, నిలబెడతావా?”

ఆ ప్రశ్నకు వెనుక ఒక కథ యున్నది. రెండేండ్ల క్రితము పట్టణమునుండి ఇద్దరు వచ్చి, అడిగినదానికంటె ఎక్కువ యిత్తుమనిరట. ఒక హోటలు ముంగిట దానిని నిలిపి, ఎఱ్ఱరంగు వేసి, తొట్టిలో పూలమొక్కలు పెంచుట వారి యుద్దేశము. ఆమె అమ్మలేదు. “ఆయన ఎక్కి తిరిగిన బండిలో మట్టి పోస్తారేటి?” అని నాతో అనెను. నేను నడుపుదునని మాట యిచ్చితిని.

మాట యిచ్చుట సులభము. తీరా విచారింపగా, చట్టము కూడ నన్ను మామ్మగారి ప్రశ్ననే అడిగినది. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వము వింటేజి వాహనములకు ప్రత్యేక నిబంధనలు చేసెను. మొదటి రిజిస్ట్రేషను జరిగి ఏబది యేండ్లు దాటి, మొదటి రూపము చెడకుండ కాపాడబడిన బండికి ఇరువది వేల రూపాయలు చెల్లించిన ప్రత్యేకమైన నంబరు పలక ఇత్తురు. అది గౌరవమైన పలక. కాని ఆ పలక గల బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, నూనె పోయించుటకు మాత్రమే రోడ్డు మీదికి తేవలెను. నిత్యము తిరుగుటకు గాని, వ్యాపారమునకు గాని నడపరాదు. వంకాయల గంపలు మోయుట ఏ విధముగను ప్రదర్శన కిందికి రాదు గదా! పెద్దరికము కావలెనన్న పని మానవలెను. పని కావలెనన్న పెద్దరికము మాట మరువవలెను. నేను రెండవదానినే ఎన్నుకొంటిని.

అనగా ఇది చట్టము దృష్టిలో కేవలము ఒక ముసలి సరుకుల బండి. సరుకుల బండ్లకు ఎనిమిదేండ్లు దాటిన పిదప ఏటేట ఫిట్‌నెసు పరీక్ష జరుగును. బ్రేకులు, దీపములు, పొగ, స్టీరింగు అన్నియు చూచి పత్రమిత్తురు. ఏ సంవత్సరము తప్పిన ఆ సంవత్సరము బండి ఇంటివద్దనే. బరువుతో కలిపి మూడు వేల కిలోలు మించనిది గనుక పర్మిటు బెడద లేదు. ఇది కష్టమని కొందరనిరి. నాకట్లు తోచలేదు. ప్రతి సంవత్సరము పరీక్షకు నిలువలేని బండిని, పిల్లలు బడికి నడచు వీధిలో నడుపుటకు నాకేమి హక్కు కలదు?

పరీక్షకంటె కాగితములే చిక్కు. ఆర్‌.సి. ఇంకను మామ్మగారి భర్త పేరిట నున్నది. యజమాని మరణించినప్పుడు మొదట అది వారసుని పేరిటికి మారవలెను, పిదపనే అమ్మకము. అందుకు మరణ ధ్రువపత్రము, వారసుల అంగీకారము కావలెను. ఆమె కుమారులలో ఒకరు దూరదేశమున నున్నారు. ఇది చాలదన్నట్లు మరియొక వింత. మా రాజాము 2022 ఏప్రిల్ 4 వరకు శ్రీకాకుళము జిల్లాలో నుండెను, ఆ దినమునుండి విజయనగరము జిల్లాలో చేరెను. అదే దినమున పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలో చేరెను. పాత పుస్తకములో శ్రీకాకుళము జిల్లా యని యున్నది. పంచ క్రింద నుండి అంగుళము కదలకుండనే బండి జిల్లా దాటినది!

ఇక మరమ్మతు సంగతి. ఇందులో నాకును మేస్త్రికిని మూడు దినములు వాదము జరిగెను. ఆయన పెట్రోలు ఇంజనును తీసి డీజిలు ఇంజను వేయుదమనెను. ఆ మాటలో అనుభవమున్నది. మా ప్రాంతపు పెట్రోలు జీపులు అనేకము ఖర్చుకు తాళలేక అట్లు మారినవి. లీటరుకు ఏడు కిలోమీటర్లకంటె ఎక్కువ ఆశింపవలదని ఆయనయే చెప్పెను. నా ప్రయాణము దినమునకు ఇరువది యెనిమిది కిలోమీటర్లు, అనగా నాలుగు లీటర్లు. ఆటో కిరాయితో పోల్చి చూచితిని. లాభమని చెప్పుటకు లేదు గాని నష్టమును కాదు. పైగా 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము, ఇంజను మార్చిన రిజిస్ట్రేషను అధికారి అనుమతి పొంది ఆర్‌.సి.లో ఎక్కింపవలెను. కాని నా అసలు కారణము వేరు. ఆ పెట్రోలు ఇంజనును విప్పి, వాల్వులు నూరి, తిరిగి బిగింపగలవాడు మా యూరిలో ఒక్కడే. ఆయన చేయుచుండగా ప్రక్కన నిలిచి చూచుటకు పాలిటెక్నిక్ చదువుచున్న మా అన్నగారి మనుమడు ఒప్పుకొన్నాడు. డీజిలు పని వాడెక్కడనైన నేర్చుకొనగలడు.

ఈ ఇంజనులో ఒక చిత్రమున్నది. గాలియు పెట్రోలును లోనికి వచ్చు వాల్వు పైన తలలో నుండును. కాలిన పొగ బయటికి పోవు వాల్వు క్రింద దిమ్మలో నుండును. ఆ క్రింది వాల్వు ఎల్లప్పుడు మండుచుండును. పూర్వము పెట్రోలులో సీసము కలిపెడివారు. అది ఆ వాల్వు కూర్చుండు చోట మెత్తని పొరగా ఏర్పడి అరుగుదల నాపెడిది. సీసము బిడ్డల మెదళ్లకు విషము గనుక 2000 సంవత్సరమునుండి మన దేశమున దానిని మానిరి. అది మంచి పని. కాని పాత ఇంజనుకు ఆ లోటు తీర్చవలెను. కావున దిమ్మలో గట్టి ఉక్కు సీట్లను క్రొత్తగా దిగగొట్టింపవలెను. ఇప్పుడు పెట్రోలులో నూటికి ఇరువది పాళ్లు ఇథనాలు కలియుచున్నది. అది పాత రబ్బరును మెత్తబరచి చీల్చును. అందుచే పెట్రోలు గొట్టములు, పంపులోని పొర, కార్బురేటరులోని రబ్బరు వస్తువులు అన్నియు దానికి తాళు క్రొత్త రకము వేయవలెను.

బ్రేకుల విషయమున మాత్రము వాదమే లేదు. పాత పద్ధతిలో నాలుగు చక్రములకును ఒక్కటే నూనె దారి. ఏ మూల గొట్టము చిట్లినను నాలుగు బ్రేకులును ఒక్కసారి పోవును. దానిని తీసి, ముందు చక్రములకొక దారి, వెనుక చక్రములకొక దారి గల జంట సిలిండరు వేయుదుము; ఒకటి పోయినను రెండవది బండి నాపును. సీటు బెల్టులు లేవు. చాసీకి కొక్కెములు అతికించి అవి పెట్టుదుము. దీపముల తీగెలన్నియు క్రొత్తవి. తొట్టి ఖాళీగా పోవునప్పుడు వెనుక నేలపై రెండు ఇసుక బస్తాలు శాశ్వతముగా నుండును. ఇది మా తండ్రిగారి వైద్యము.

మార్చకూడనివియు కొన్ని యున్నవి. ఎడమ తలుపు క్రింద ఒక సొట్ట కలదు. పెండ్లియైన క్రొత్తలో మామ్మగారికి డ్రైవింగు నేర్పబోయి ఆమె భర్త తగిలించినదట. చింతచెట్టు తప్పని ఇద్దరును తీర్మానించుకొనిరట. ఆ సొట్టను సరిచేయము. తలుపు మీది సగము అక్షరములనును చెరపము.

సొమ్ము మాట చెప్పకుండ తప్పించుకొనుట ధర్మము కాదు. బండికిని మరమ్మతుకును కలిపి నాలుగు లక్షలు అనుకొంటిమి. ఆ నాలుగు లక్షలును నా విశ్రాంతి సొమ్ములోనివి. ఇంటి డాబాకు పై పొర వేయించుటకని తీసి పెట్టినవి. గత వానలలో వంటింట రెండు చోట్ల గిన్నెలు పెట్టవలసి వచ్చెను. మా యింటావిడ కోపపడలేదు. కాగితమును పెన్సిలును తెచ్చుకొని నన్ను ఎదుట కూర్చుండబెట్టి ఒక్కొక్క పద్దు చదివించెను. చాసీ అతుకు, బ్రేకులు, స్టీరింగు, వాల్వు సీట్లు, టైర్లు ఇవన్నియు ఒప్పుకొన్నది. “రంగు యెనుబది వేలు” అనగానే పెన్సిలుతో గీత పెట్టినది. ఆ యెనుబది వేలు డాబాకు పోవును. కావున బండి మొదటి సంవత్సరము ఆ బూడిద వన్నెతోనే నడుచును. ఆలోచింపగా బ్రేకులకు ముందు రంగు వేయు లోకములో ఆమె తీర్పు నాకు సబబుగనే తోచినది.

ఈ వారము మరల పోయి మామ్మగారికి బయానా యిచ్చితిమి. బయానా కంటె ముందు మేస్త్రి వేరొక పని చేసెను. చాలకాలము కదలని ఇంజనును తొందరపడి త్రిప్పిన పిస్టన్ల రింగులు విరుగును. అందుచే నాలుగు ప్లగ్గులను విప్పి, ఆ రంధ్రములలో ఒక్కొక్కదానిలో చిన్న గరిటెడు చొప్పున నూనె పోసెను. మా అన్నగారి మనుమడు దీపము పట్టెను. మేస్త్రి చేయి వణకి రెండవ రంధ్రమున నూనె ప్రక్కకు పోగా, వాడు మారుమాటాడక గరిటె నందుకొని మిగిలిన రెండింటిలోను పోసెను. పది దినములు నానవలెను. పిమ్మట హ్యాండిలు వేసి చేతితో మెల్లగా త్రిప్పి చూడవలెను. కదలిన బండిని సాలూరు లారీ మీద రాజాము తెత్తుము, కదలకున్న ఇంజను అక్కడనే విప్పుదుము.

ఈలోగా తొట్టిని ముట్టరాదని మామ్మగారి షరతు. కోడి పిల్లలను దింపుటకు ఇంకను పండ్రెండు దినములున్నవి.